ఈల వేసిన ఎర్రటోపీ

ఆసుపత్రి హాల్లో ఎవరో ఈల వేశారు.

మామూలు ఈల కాదు. సినిమాలో హీరో వచ్చినప్పుడు వేసే ఈల.

కోడలు ఉలిక్కిపడింది. అత్తగారు మాత్రం ఎవరా అని మెడ సాచి చూసింది.

ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి. బయట ఎండ మండిపోతుంటే ఉన్ని టోపీ! అప్పుడే డాక్టరు గదిలోంచి వచ్చిన ఖాకీ చొక్కా డ్రైవరును గట్టిగా కావలించుకుని ఊపేస్తున్నాడు.

"దిగిందా? ఎంత దిగింది? సగానికి సగమా! వారెవ్వా!"

"మీ చుట్టమా బాబూ?" అని డ్రైవరును అడిగింది పక్కనున్నావిడ.

"ఎవరో నాకూ తెలీదండీ," అన్నాడు డ్రైవరు, ఆ కౌగిట్లోంచే.

హాలంతా నవ్వింది. కోడలికి మాత్రం ఒళ్ళు మండింది. ఇక్కడ అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, ఈయనకి పెళ్ళి సందడిగా ఉందా?

అత్తగారి కడుపులో కణితి ఉంది. దాన్ని చూసి రక్తంలో యాంటీబాడీలు పుడతాయట. ఈ రకం జబ్బులో కణితి పెరిగితే అవీ పెరుగుతాయి, కరిగితే అవీ తగ్గుతాయి. అవి ఎన్నున్నాయో కంప్యూటర్ తెర మీద డాక్టరమ్మ రెండు గీతలతో చూపిస్తుంది. పైనున్న గీత ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రెండోది మనది. అది పైదానికి ఎంత దూరంగా దిగితే అంత మంచిది. ఈసారి దిగకపోతే మందు పనిచేయనట్టే.

"ఆ గోళ్ళు అలా తినకే. ఇంటికెళ్ళాక అన్నానికి ఆకలుండదు," అంది అత్తగారు.

"మీరు కాసేపు మాట్లాడకుండా కూర్చోండి అత్తయ్యా."

"నోరు మూసుకుంటే జబ్బు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పలేదే!"

ఒకప్పుడు ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. జబ్బు వచ్చాక పోట్లాడుకునే తీరిక దొరక్క స్నేహం కుదిరింది.

ఇంతలో ఎర్రటోపీ ఆయన వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కగారూ, మీ గీత ఎక్కడిదాకా వచ్చింది?"

"పోయినసారి పై గీతకి కాస్త కిందే ఉంది తమ్ముడూ. దాన్ని అంటుకుంటుందేమోనని మా కోడలి భయం."

"అబ్బే, అక్కడికి రాకండి. అక్కడ చోటు లేదు. మీరు చక్కగా కిందకి దిగండి."

కోడలికి ఓపిక నశించింది.

"మీకెందుకండీ మా సంగతి? ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడని... మీ పని మీరు చూసుకోండి."

అనేశాక తనకే నాలుక కరుచుకోవాలనిపించింది.

ఎర్రటోపీ ఆయన ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత బుద్ధిగా చేతులు కట్టుకుని, "భౌ," అన్నాడు.

అత్తగారు పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. అంతలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో! కోడలు కూడా పెదవి బిగపట్టుకోవాల్సి వచ్చింది.

ల్యాబ్ అమ్మాయి తలుపు తీసి ఆయన్ని పిలిచింది. ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

కాసేపటికి డాక్టరమ్మ గదిలోకి వీళ్ళ వంతు వచ్చింది.

డాక్టరమ్మ తెరను ఇటు తిప్పింది. పై గీత ఉన్నచోటే ఉంది. అత్తగారిది అట్టడుగుకు జారిపోయింది.

"మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అంది డాక్టరమ్మ. "ఇదే కొనసాగిద్దాం. కణితి కరుగుతోంది."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని భోరుమంది.

"ఏడుద్దువుగానిలే, ముందు చెయ్యి వదులు. సరిగ్గా సూది గుచ్చిన చోటే పట్టుకున్నావు," అంది అత్తగారు. రెండో చేత్తో కోడలి కళ్ళు తుడిచింది.

బయటికి రాగానే కోడలి కళ్ళు ఎర్రటోపీ కోసం వెతికాయి. ఈ మాట ముందుగా ఆయనకే చెప్పాలనిపించింది. ఆయన హాలు దద్దరిల్లేలా ఈల వేస్తే, ఈసారి తనే చప్పట్లు కొడుతుంది. అన్న మాటకి క్షమాపణా అడుగుతుంది.

కుర్చీ ఖాళీగా ఉంది. క్యాంటీన్‌లో లేడు. లిఫ్ట్ దగ్గరా లేడు. గేటు దాకా పరుగెత్తి వెళ్ళి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

ల్యాబ్ అమ్మాయి ఎదురైంది.

"ఆ టోపీ ఆయన ఏరండీ?"

"ఇప్పుడే వాళ్ళబ్బాయి కారులో తీసుకెళ్ళాడు. ఇక ఇక్కడికి రారు, ఇంటిదగ్గరే ఉంటారు."

"అంటే ఆయనకి తగ్గిపోయిందా?" కోడలి ముఖం వెలిగింది. "అందరిదీ అడిగే మనిషి, ఆయనది ఎంత దిగిందో మేం అడగనేలేదు!"

ల్యాబ్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"ఆయనది ఏ మందుకీ దిగలేదండీ. అందుకే ప్రతిసారీ మీ అందరి రక్తం పక్కన ఆయనది పెట్టి చూస్తాం. దానితో పోల్చితేనే మీది ఎంత తగ్గిందో తెలిసేది. మళ్ళీ రాలేనని, ఇవాళ తనే అడిగి మరీ ఇంకాస్త రక్తం ఇచ్చి వెళ్ళారు... మీకు తెర మీద కనిపించే ఆ పై గీత, ఆయనదే."