నీలం తలుపు ఇంటి సాక్షి

"కారు గిట్ల వచ్చిందా?" సత్తెమ్మ నీలం తలుపు సందులోంచి తల బయటపెట్టి అడిగింది.

"రాలే. వాళ్ళు వచ్చేది నాలుగింటికి గద! ఇంక రెండు గూడ గాలే. నువ్వు లోపటికి పో," అన్నాడు ఆమె మొగుడు నర్సింహ.

అన్నాడే గానీ, పొద్దుట్నుంచి ఆయన ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. హుస్సేనీ ఆలంలో వాళ్ళుండే సందు మూడు వంకర్లు తిరుగుతుంది. సైదాబాద్ నుంచి పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు దారి తప్పుతారేమోనని, ఇంటి ఎదురుగా ఉన్న తన పాలకొట్టు తెరిచి పెట్టుకుని మలుపు వైపే చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా మేకుకు తగిలించి ఉంచాడు. కారు కనబడగానే తొడుక్కోవాలి.

కూతురు గీతాంజలికి ఇది మూడో సంబంధం. మొదటి రెండిటికీ ఫోటో కూడా చూడకుండానే వద్దంది. ఈ అభిషేక్ ఫోటో చూసి మాత్రం "రమ్మను బాపూ" అని లోపలికి పారిపోయింది. బిడ్డ అట్లా సిగ్గుపడగా నర్సింహ ఎన్నడూ చూడలేదు. పిల్లవాడి తరఫు వాళ్ళెవరో ఆయనకు తెలియదు, మాటలన్నీ మధ్యవర్తి బీరయ్య ద్వారానే నడిచాయి. ఇది తప్పిపోతే బిడ్డ మొహం ఎట్లా చూడాలన్నదే ఆయన దిగులు.

"అంకుల్!" ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, చేతుల్లో ఫోన్లు. "ఆ నీలం తలుపు ఇంటి ఆడపిల్ల గురించి మీకేమైనా తెలుసా?"

ఆదివారం గదా, మొదలైంది ఆట. ఆర్నెల్ల కిందట ఎవరో ఒక హత్య కథ అల్లి ఫోన్లలో పెట్టారు. గైడు ఉండడు. చార్మినార్ దగ్గర మొదలుపెట్టి, ఫోను చెప్పినట్టు సందులు తిరుగుతూ, పాత దేవిడీ భవనాలు చూస్తూ, హంతకులెవరో కనిపెట్టాలి. వందేళ్ల కిందట ఒక అత్తరు వ్యాపారికి పాలల్లో విషం కలిపారట. అంతా కల్పనే. ఆరో ఆనవాలు దగ్గర మాత్రం ఫోను ఏమంటుందంటే, నీలం తలుపు ఇంటి ఆడపిల్ల గురించి ఇరుగుపొరుగును అడగమంటుంది. ఆ నీలం తలుపు కాస్తా నర్సింహ ఇంటిదైంది.

మొదట్లో ఆయన లొల్లి చేశాడు. తర్వాత రుచి మరిగాడు. పాపం ఎండలో పడి వచ్చినవాళ్ళకు తెలియదని ఎట్లా చెప్తామని, అంతా తానే కళ్ళారా చూసినట్టు వారానికో ముక్క సొంతంగా కలుపుతూ పోయాడు. ఇప్పుడు కథ రాసినవాడికి కూడా తెలియనంత కథ ఆయన దగ్గరుంది. ఆడపిల్లలు నోళ్ళు తెరుచుకుని విని, ఫోటో తీసుకుని వెళ్ళారు. ఆ కాసేపూ ఆయన కారు సంగతి మరిచాడు.

మూడు దాటాక మరో ఇద్దరు వచ్చారు. మగాయనకు యాభై ఉంటాయి, నెత్తిన ఎండటోపీ. ఆమె ఒకసారి ఫోనునూ, ఒకసారి నీలం తలుపునూ చూస్తోంది.

"అన్నా, రెండు బాదం పాలియ్యి," అన్నాడాయన. గ్లాసు చేతికొచ్చాక గొంతు తగ్గించాడు. "గా ఎదురింటోళ్ళు మీకు ఎరుకేనా?"

నర్సింహకు నవ్వొచ్చింది. పిల్లలు ధైర్యంగా అడుగుతారు, పెద్దవాళ్ళకే ఈ మొహమాటం.

"ఎరుక లేకేం! ఏం గావాలె?"

"ఆడపిల్ల ఉన్నదంట గద. ఎట్లాంటిది?"

నర్సింహ మలుపు వైపు ఇంకోసారి చూశాడు. కారు లేదు. ముందుకు వంగాడు.

"చూస్తె మస్తు మంచిగ కనవడ్తది. చీకటి పడ్డంక ఎనక దర్వాజకెళ్ళి పోతది. ఎవని కోసమని మాత్రం నన్ను అడగకుండ్రి."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "ఇంట్ల పెద్దోళ్ళు ఏమనరా?"

"అననీకి బతికుండాలె గద! అడ్డమొచ్చిన పెద్దమనిషికి పాలల్ల కలిపిచ్చింది. తెల్లారి లేవనే లేవలే."

"మరి పోలీసులు?"

"సాక్షి ఉండొద్దా? చూసింది నేనొక్కణ్ణే. నోరు తెరిస్తే నాకు గూడ గవే పాలు!"

ఆమె మొహం పాలిపోయింది. టోపీ ఆయన "నడువు" అని ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరూ వచ్చిన దారినే గబగబా వెళ్ళారు.

"అన్నా! ఏడో ఆనవాలు గటు కాదు, కుడికి పోవాలె!" అని నర్సింహ అరిచాడు. వాళ్ళు వెనక్కి తిరగలేదు. ఇంత బాగా ఎన్నడూ చెప్పలేదని తనను తానే మెచ్చుకుంటూ గ్లాసులు కడిగాడు.

నాలుగైంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నాలుగున్నరయింది. మలుపు దాకా నాలుగుసార్లు నడిచి వచ్చాడు. బీరయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సత్తెమ్మ మిర్చీలు చల్లారిపోతున్నాయని గొణిగింది.

"ట్రాఫిక్ ఉంటది బాపూ, ఫికర్ చెయ్యకు," అంది గీతాంజలి కిటికీలోంచి. ఆ మాట అంటూ ఆమె కూడా మలుపు వైపే చూసింది.

ఐదింటికి బీరయ్య ఫోన్ చేశాడు.

"వాళ్ళు రారు నర్సింహన్నా."

"ఏందయ్యా గా మాట! ఫోటోల పిల్ల నచ్చిందన్నరు గద!"

"నచ్చింది. కని నీ బిడ్డ గురించి ఎవడో వినరాని మాటలు చెప్పిండంట. ఇంక గా ఇంటి పేరెత్తొద్దన్నరు."

నర్సింహ ఇంటి వైపు చూశాడు. కిటికీలో బిడ్డ ఇంకా నిలబడే ఉంది. బంగారం లాంటి పిల్ల మీద ఇంత మాట అనడానికి ఎవడికి నోరొచ్చిందో అర్థం కాలేదు.

"ఎవడు వాడు? చెప్పు బీరయ్యా! వాని నాలుక కోసి గల్లీల ఏలాడదీస్త!"

బీరయ్య వాళ్ళు చెప్పిన మాటే చెప్పాడు.

"మీ ఇంటి ఎదురుంగ పాలమ్మేటాయనేనంట."