కంపెనీ బనీను

ఒంట్లో ఎక్కడ కండ ముడిపడినా కనిపెట్టి, పిసికి కరిగించే బనీన్లు వచ్చాక ఊళ్ళో నొప్పి అన్న మాటే వినపడడం లేదు. మిరప కంపెనీ తన కూలీలకు వాటిని ఊరికే పంచి, సాయంత్రాలు తొడుక్కోమంది. ఊరికే వచ్చినదాని మీద ఏసోబుకు మొదటినుంచీ గురి లేదు.

ఓ పొద్దున మేస్త్రి అతన్ని పక్కకు పిలిచాడు.

“ఏరా, సొంత చేలో పార పట్టావంటగా? మన పని బస్తాలు మొయ్యడం. ముడి భుజాన ఉండాల గానీ, నడుంలో ఉందని నీ బనీను కంపెనీకి చెప్పిందంట, ఎట్టా వచ్చింది? బయటి పని చేస్తే తీసేస్తారు, చెప్పలా?”

ఏసోబు చేను బీడు పెట్టుకోలేడు, కూలి వదులుకోలేడు.

అతని భార్య మార్తమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. అలాంటివాళ్ళు తొక్కితే ఎంత పట్టయినా వదులుతుందని ఊరి నమ్మకం. ఆ సాయంత్రం బనీను తొడగకముందే ఏసోబు బోర్లా పడుకుని వీపంతా తొక్కించుకున్నాడు.

“తరవాత నన్ను తిట్టమాక,” అంది మార్తమ్మ, బలంగా తొక్కుతూ.

తెల్లారి మేస్త్రి మళ్ళీ పిలిచాడు. “ఏందిరా, నీ ఒంట్లో ఒక్క ముడీ లేదంట! నిన్న బస్తాలు మోశావా, పడి నిద్రపోయావా?”

ఆ సాయంత్రం ఏసోబు మళ్ళీ బోర్లా పడుకున్నాడు.

“నడుం ఒక్కటే తొక్కవే. భుజం కంపెనీకి వదిలెయ్.”