తెర కింది మాటలు

"గట్టి చీపురని రాశాను. మెత్తది తెచ్చారు."

"చీపురు చీపురే కదే! దానికింత రాద్ధాంతమా?"

"గట్టిది వాకిటికి, మెత్తది గదికి. చీటీలో ఉన్నవి రెండు మాటలు. ఆ రెండూ కూడబలుక్కుని చదవలేకపోయారా?"

భర్త చీపురు తీసుకెళ్లి మూలన పెట్టాడు. కోర్టులో సాక్షుల మాటల్ని ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం ఆవిడది. మాటల్లో ఆవిడ మీద నెగ్గడం అతని తరం కాదు. పైగా ఆ కోపం చీపురు మీద కాదని అతనికి తెలుసు.

కోపమంతా అతని అన్నయ్య మీద. అన్నయ్య సినిమా దర్శకుడు. కిందటేడు తీసిన సినిమాలో హీరో ఒకమ్మాయి వెంటపడి, "నీ 'కాదు'లో నాకు 'ఔను' వినిపిస్తోంది" అంటాడు. హాలంతా ఈలలు. ఆ మాటే అంటూ ఒక కుర్రాడు వీళ్ల కూతురి వెంట నాలుగు నెలలు తిరిగాడు. బస్సులో, లైబ్రరీలో, చివరికి ఇంటి గేటు దగ్గర. పిల్ల కాలేజీ మానేసి గదిలో కూర్చుంది. కిటికీ కూడా తెరవదు.

"ఆ సీను తప్పని నలుగురిలో ఒక్కసారి చెప్పండి బావగారూ" అని ఆవిడ బతిమాలింది.

"జనం ఈలలేసిన డైలాగు తప్పెలా అవుతుందమ్మా? సినిమాని సినిమాలా చూడాలి" అని నవ్వేశాడాయన.

ఆ పెద్దమనిషే ఇప్పుడు కొత్త సినిమాతో వచ్చాడు. అందులోనూ అదే హీరో, అదే వెంటపడడం. విదేశంలో చిత్రోత్సవానికి పంపుతాడట. తెర కింద వేసే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు మరదలే రాయాలట. ఆయన భార్య ఇంగ్లీషు లెక్చరరే. కానీ, "మీ సినిమాలు చూసే ఓపిక నాకు లేదు" అని ఆవిడ ఎప్పుడో చేతులు దులుపుకుంది.

"దానికేం భాగ్యం బావగారూ, రాస్తాను" అంది మరదలు, తేనె ఒలకబోస్తూ.

భర్త చప్పున ఆవిడ ముఖంలోకి చూశాడు.

పది రోజులు కూర్చుని రాసింది. ఒక్కో సీను నాలుగేసిసార్లు వెనక్కి తిప్పి, పళ్లు బిగబట్టి రాసింది.

"నువ్వేం చేస్తున్నావో నాకు తెలియదనుకోకు. అన్నయ్య పరువు తీయకే" అన్నాడు భర్త.

"కోర్టులో నేను రాసిన మాటలతో ఎంతమంది జైలుకి పోయారో తెలుసా మీకు?"

"అన్నయ్యేమన్నా ముద్దాయా?"

"నా బిడ్డ ఉసురు ఊరికే పోదు. చూస్తూ ఉండండి."

నెల తర్వాత ఒక ఆదివారం, అన్నయ్య ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. కూతుర్ని బలవంతాన వెంట తీసుకొచ్చింది ఆవిడ. భోజనం సగంలో ఉండగా అన్నయ్య ఫోనుకి చిత్రోత్సవం వాళ్ల ఉత్తరం వచ్చింది.

"బహుమతి! మన హీరోకే! నీ చేతి చలవమ్మా, నువ్వే చదువు!" దర్శకుడు ఫోను మరదలి చేతిలో పెట్టాడు.

ఆవిడ తెలుగులో చదివి వినిపించింది. "న్యాయనిర్ణేతల ఏకగ్రీవ నిర్ణయం. ఈ ఏటి ఉత్తమ ప్రతినాయకుడు..."

"ప్రతినాయకుడేమిటి? వాడు హీరో!"

"...ఆడపిల్లను వేటాడే మనిషిని ఇంత ఒళ్లు జలదరించేలా చూపిన దర్శకుడికి అభినందనలు. ఇలాంటివాళ్లను ఎలా గుర్తుపట్టాలో మా అమ్మాయిలకు నేర్పడానికి, ఈ చిత్రాన్ని కాలేజీలన్నిటిలో ప్రదర్శించాలని నిర్ణయించాం."

కూతురు పకాలున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

దర్శకుడి ముఖం కందగడ్డయింది. "కుట్ర! నా హీరో మాటలన్నీ తిరగరాసి నా గొంతు కోసింది! ఇంట్లోనే పాముంటే మనకేం తెలుస్తుంది? ఏమే, ఆ సినిమా తీసి చూడు, ఏమేం మార్చిందో అందరి ముందూ చదువు!"

తాను భయపడినంతా అయిందని భర్త తల దించుకున్నాడు. భార్య మాత్రం తాపీగా తింటోంది.

ఇంగ్లీషు లెక్చరరైన దర్శకుడి భార్య ఫోనులో సినిమా పెట్టుకుంది. హీరో మాట వినడం, కింది అక్షరాలు చదవడం, మళ్లీ వినడం. ఒక సీను, రెండు, పది. ఆవిడ ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. చివరికి తలెత్తి మొగుడి కళ్లలోకి చూసింది.

"ఒక్క మాట కూడా మార్చలేదండీ."