వెనక చక్రాల నట్లు

మా కారు ముందు చక్రానికి నట్టు ఎక్కించే స్టడ్ విరిగితే అది తీసి, ఆ ఉదయం కొత్తది నేనే వేశాను. కొంత దూరం నడిపాక నట్లు మళ్లీ బిగించాలని తెలిసి కూడా మరిచిపోయాను. ఆ రాత్రే మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి బయల్దేరి, ఇళ్లు లేని రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ చక్రంలోంచి టకటకమని చప్పుడు.

దిగి చూస్తే ఐదు నట్లలో రెండు లేవు. మిగిలిన మూడూ వేళ్లతో తిప్పితేనే తిరుగుతున్నాయి.

"గొప్ప పనిమంతులే! ఇక్కడే కనమంటారా?" అంది మా ఆవిడ మూలుగుతూనే.

దేవుణ్ణి తలుచుకుని, రెండు వెనక చక్రాల నుంచీ ఒక్కో నట్టు ఊడదీసి ముందుకు తెచ్చాను. పానాతో బిగిస్తుంటే నా చేతిలో కిర్రుమన్నప్పుడల్లా కారు వెనక కూడా కిర్రుమంది. ప్రతిధ్వని అనుకున్నాను. నేను ఆపాక అది మరో రెండుసార్లు వినిపించింది.

కారు కదలగానే ఆవిడ, "ఆయన్ని వదిలేసి పోతామా?" అంది.

"ఎవర్నే?"

"వెనక చక్రాలు బిగించాడే, ఆయన్ని. పాపం, ఎక్కించుకోండి."

అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. నేను ఆపలేదు. చక్రం మళ్లీ చప్పుడు చేయలేదు. ఆసుపత్రికి చేరిన పావుగంటకే మా పాప ఏడుపు వరండా అంతా మోగింది. గట్టెక్కామని నర్సు ముందే ఏడ్చేశాను.

తర్వాత బయటికి వెళ్లి వెనక చక్రాలు తడిమాను. రెండింటికీ ఐదేసి నట్లున్నాయి, నేను బిగించినవాటి కంటే గట్టిగా. దేవుడికే దణ్ణం పెట్టుకున్నాను. దేవుడే అయితే, ఆవిడ ఎక్కించుకోమన్నప్పుడు నాకంత భయమెందుకు వేసింది?