దరఖాస్తులో రెండో గడి

కుక్కల్ని పట్టే వ్యాను సైట్ గేటు ముందు ఆగింది. తిరుమలేష్ సిమెంటు చేతులతోనే కుక్కని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

ఎదురు బ్లాకు మంగతాయారు ఆంటీ దాన్ని పెంచుకుంటానని వచ్చింది. సింగపూర్ బిషాన్‌లో ఆమెది ప్రభుత్వ ఫ్లాటు. అక్కడ కుక్కకైనా జాతి ఉండాల్సిందే, అదీ జాబితాలో ఉన్న జాతి. దరఖాస్తు ఇంజనీరు మధుసూదనరావు నింపుతున్నాడు.

"జాతి ఏం రాయను?"

"ఊరకుక్క సార్. గీ సైట్లనే పుట్టింది."

"అలా రాస్తే వ్యానెక్కుతుంది. చూడ్డానికి టెర్రియర్‌లా ఉందిగా, జాక్ రస్సెల్ అని రాసేస్తా."

"గాయనెవరు సార్?"

"ఇంగ్లండులో ఓ పాస్టరు. నక్కల వేటకి ఈ కుక్కల్ని పెంచాడు. జాతికి ఆయన పేరే పెట్టారు."

"ఎప్పుడు పోయిండు?"

"నూట నలభై ఏళ్లు దాటింది."

"పెంచినోని పేరు ఇంకా నడుస్తుందన్నట్టు." తిరుమలేష్ కుక్క చెవి నిమిరాడు. "మంచిగుంది. రాయండి సార్."

మొదటి గడి నిండింది. రెండో గడి, కుక్క పేరు.

"బాలు," అన్నాడు తిరుమలేష్.

ఇంజనీరు పెన్ను ఆగింది. "అది వద్దు. టామీ అనో జిమ్మీ అనో చెప్పు."

"బాలు సార్."

"మనిషి పేరు కుక్కకి పెడతారటయ్యా? తప్పు కాదూ?"

"పాస్టరుకు కాని తప్పు మనకేంది సార్? ఇది గూడ పెంచినోని పేరే."

"అంకుల్, ఫాస్ట్ లా," తొందర పెడుతూ సింగపూర్ యాసలో వ్యాను డ్రైవరు కేకేశాడు.

ఇంజనీరు తల వంచుకుని రాశాడు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

ఆంటీ కుక్కని అందుకుంది. "ఇంతకీ ఎవరు నాయనా ఆ బాలు? పనిలోకి రాలేదా ఇవాళ?"

తిరుమలేష్ అప్పటికే ఇటుకల వైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. "గేటు కాడ బోర్డు మీద ఉన్నడు ఆంటీ. పోతపోత చూడు."

ఆమె బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా వెతికింది. బాలు అన్న పేరు ఎక్కడా లేదు. మధుసూదనరావు సంతకంతో ఒక్క నోటీసే ఉంది: 'పోయిన నెల తొమ్మిదో అంతస్తు నుంచి పడి ఒక కార్మికుడు మృతి. అందరూ జాగ్రత్తగా పని చేయగలరు.'