తొట్టిలో చేపలు

పుదుచ్చేరిలో ఇనుప సామాన్లకు పూత వేసే ఆ ప్లేటింగ్ కంపెనీకి కాలుష్యం తనిఖీ చేసే ఆఫీసరు వచ్చినప్పుడల్లా గాజుతొట్టిలో చేపలు ఈదుతుండాలి. శుద్ధి చేసిన నీళ్లలోనే అవి బతుకుతున్నాయని యజమాని హరిహరన్ చూపించుకుంటాడు. శుద్ధికి మందులు కొని ఏడాదయింది. పసుప్పచ్చ నీళ్లు నేరుగా గోడ వెనక కాలవలోకి పోతున్నాయి.

“మన ట్యాంకు నీళ్లు పొయ్యొద్దు, చేపలు చస్తాయి. యాడన్నా బయట నీళ్లు తెచ్చి పొయ్యి,” అన్నాడు హరిహరన్, ఆఫీసరు వచ్చే రోజు పొద్దున.

“సరే సారూ,” అంది ట్యాంకులు చూసుకునే ధనభాగ్యం.

గోడ అవతలికి వెళ్లి నాలుగు బిందెలు మోసుకొచ్చింది. తొట్టి నింపి చేపల్ని వదిలింది.

ఆఫీసరుకు కాఫీ పోసి, కాగితాలు చూపించి, గంట తర్వాత హరిహరన్ ఆయన్ని తొట్టి దగ్గరికి తీసుకొచ్చాడు. చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

“ఏందిది? యాడ నీళ్లు పోసినావు?” అని అరిచాడు హరిహరన్.

ధనభాగ్యం ఆఫీసరుకు వినబడేలా చెప్పింది.

“మా ఇంటి బావి నీళ్లు సారూ. నా బిడ్డ ఒంటినిండా పుండ్లు లేచినాయని మీ కాడ ఏడిస్తే, ‘మీ బావికేం కాలేదు, ఆ నీళ్లే తాగించు’ అన్నారు గదా. మీ మాట నమ్మి పోసినాను.”