రెండో గొంతు

గోదావరిఖనిలో బొగ్గు బాయిలు కొత్తగా పడుతున్న రోజులు. సికింద్రాబాద్ చర్చిలో ఏళ్ల తరబడి సేవ చేసిన సువార్తమ్మను మిషన్ వాళ్లు గోదావరి నడుమ ఉన్న చిన్న దిబ్బ మీద, బాయి పనివాళ్ల కుటుంబాల మధ్య సేవకు పంపారు. మగవాళ్లు పడవెక్కి రాత్రి షిఫ్టుకు పోయారంటే అక్కడ నీళ్ల చప్పుడే మిగిలేది.

అప్పుడు ఆమెకు మార్తక్క గుర్తొచ్చేది. చర్చిలో ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకుని పాడేవాళ్లు. మార్తక్క చనిపోయి ఏడాదైంది.

ఒక రాత్రి ఆమె ఒంటరిగా పాడుకుంటుంటే పక్క గుడిసె సమ్మవ్వ పాలు తెచ్చింది.

"బిడ్డా, బయట మంచుల కూసుండి నీ ఎంబడి పాడుతున్న ఆమె ఎవలు? లోపలికి రమ్మనరాదు?"

సువార్తమ్మ పాట ఆపింది. బయటి గొంతు చరణం చివరిదాకా పాడి ఆగింది.

పాలు పెట్టి సమ్మవ్వ వెళ్లిపోయింది. సువార్తమ్మ తలుపు వైపు చూడకుండా, కళ్లు మూసుకుని తర్వాతి చరణం ఎత్తుకుంది.